ప్రాసిక్యూటర్‌కు రక్షణ, నిర్దోషికి బాకీ

కేసు కొట్టివేశాక, దాన్ని నడిపిన ప్రభుత్వ ఉద్యోగిపై నిర్దోషి నష్టపరిహారం దావా వేస్తే, ఉద్యోగి పక్షాన ప్రభుత్వం నిలబడవచ్చు. అధికార హోదాలో చేసిన పనిపై దావాకు రెండు నెలల ముందే నోటీసు ఇవ్వాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ చెబుతుంది. దావా పడ్డాక వాదించే బాధ్యత సర్కారు తీసుకుంటే ప్రభుత్వ ప్లీడరే కోర్టుకు హాజరవుతాడు. డిక్రీ అమలులో తప్ప ఆ ఉద్యోగిని అరెస్టు చేయడం గానీ ఆస్తి జప్తు చేయడం గానీ కుదరదు.

హైదరాబాద్ పాతబస్తీ వాసి ఎవరైనా పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో ఇలాంటి దావా వేయాలంటే, నిర్దోషిగా విడుదలైన ఏడాదిలోపే వేయాలి. విడుదలైతే చాలదు. కేసు పెట్టడానికి సహేతుక కారణం లేదనీ, దురుద్దేశంతోనే పెట్టారనీ తానే రుజువు చేయాలి. ఎదుటివాడి మనసులోని ఉద్దేశానికి సాక్ష్యం తేవడం సామాన్యుడికి దాదాపు అసాధ్యం.

అయినా ఈ రక్షణ అన్యాయం కాదు. ఓడిన ప్రతి కేసుకూ సొంత ఇల్లు అమ్ముకోవాల్సి వస్తే, బలవంతుల మీద కేసు నడపడానికి ఏ ప్రాసిక్యూటర్ ముందుకొస్తాడు? ఇమ్‌బ్లర్ కేసులో 1976లో అమెరికా సుప్రీంకోర్టు ఈ ఆలోచనతోనే ప్రాసిక్యూటర్లకు సంపూర్ణ రక్షణ ఇచ్చింది. అసలు చిక్కు మరోచోట ఉంది. ఉద్యోగిని కాపాడాక, నిర్దోషి పోగొట్టుకున్న ఏళ్లకు బాకీపడేది ఎవరు?

ధర్మశాస్త్రాలు దీన్ని లోతుగానే ఆలోచించాయి. ప్రత్యేకంగా ప్రాసిక్యూటర్ లేని కాలం కనుక వాటి మాటలు తీర్పరుల గురించి. సభలో అధర్మం జరిగితే ఆ పాపం చేసినవాడికి, సాక్షికి, సభ్యులకు, రాజుకు నాలుగు పాళ్లుగా పడుతుందని మనుస్మృతి అంటుంది. రాగం వల్లో లోభం వల్లో భయం వల్లో తప్పుడు తీర్పిచ్చిన సభ్యులకు ఒక్కొక్కరికీ విడివిడిగా రెట్టింపు దండన వేయాలంటాడు యాజ్ఞవల్క్యుడు. తెలియక జరిగిన పొరపాటుకు ఈ దండన వర్తించదని యాజ్ఞవల్క్య స్మృతి వ్యాఖ్య మితాక్షర వివరిస్తుంది. 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసింది ఈ మితాక్షరనే. కౌటిల్యుడు రాజునూ వదల్లేదు. దండించరానివాణ్ణి దండిస్తే, ఆ దండనకు ముప్పై రెట్లు రాజే వరుణుడికి చెల్లించాలన్నాడు.

పాతబస్తీలోని జామియా నిజామియాలో బోధించే హనఫీ ఫిఖ్‌లోనూ, అంటే ఇస్లామిక్ న్యాయశాస్త్రంలోనూ, ఇదే విభజన ఉంది. ఖాజీ నిజాయితీగా పొరబడితే హుదూద్ అనే స్థిర శిక్షల్లో పరిహారం బైతుల్‌మాల్ నుంచి, అంటే ప్రజల ఖజానా నుంచి చెల్లించాలి. తెలిసి తప్పు చేస్తే భారం అతనిదే. రెండు సంప్రదాయాల్లోనూ పొరపాటుకు క్షమ ఉంది, కానీ ఫిఖ్‌లో దాని ఖర్చు బాధితుడి నెత్తిన పడలేదు.

హైదరాబాద్‌లో ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడిందో మక్కా మసీదు ఉదంతం చూపిస్తుంది. 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ పేలుడులో 9 మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. పాతబస్తీ యువకులను పెద్దసంఖ్యలో పట్టుకున్నారు, కొందరిపై కుట్ర కేసులు నడిచి వీగిపోయాయి. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది: 20 మందికి తలా 3 లక్షలు, 50 మందికి తలా 20 వేలు. 2013 సెప్టెంబరులో, మూసీ ఒడ్డునే ఉన్న హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టివేసింది. విడుదల కావడమే పరిహారానికి హక్కు కాదన్నది ధర్మాసనం మాట. చట్టం అక్షరం ప్రకారం అది సరే. కానీ దావాలో ఉద్యోగికి డాలుగా నిలిచే ప్రభుత్వం తనంతట తాను కొంత బాకీ తీర్చబోతే, ఆ దారి కూడా మూసుకుపోయింది. ఇది తప్పే.

సర్కారు చేతులు దులుపుకోలేదని చెప్పిన తెలుగునేల తీర్పు కూడా ఉంది. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో బాంబుదాడికి ఒక ఖైదీ బలయ్యాడు. ఆ కేసులో సార్వభౌమ రక్షణ వాదాన్ని 2000లో సుప్రీంకోర్టు తోసిపుచ్చి, రాష్ట్రం పరిహారం చెల్లించాల్సిందేనంది. అన్యాయపు ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వమే పరిహారం ఇచ్చేలా చట్టం తేవాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో కోరింది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్‌లో, ఉద్యోగిపై విచారణకు ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే అన్న నిబంధన చేరింది. ఆ పరిహారం మాత్రం చేరలేదు. సరైన ఆధారం లేకుండా ఒకరిని అరెస్టు చేయించినవారి నుంచి మేజిస్ట్రేటు ఇప్పించగలిగేది నేటికీ గరిష్ఠంగా వెయ్యి రూపాయలే.