తన్నే ఆవు పాలు

"ఎంతిస్తుంది?"

కారు కొంటున్నామని చెప్పగానే మన ఇళ్ళల్లో వచ్చే మొదటి ప్రశ్న ఇది. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని. రెండో ప్రశ్న, "రేపు అమ్మితే ఎంతొస్తుంది?" ఈ రెండు ప్రశ్నల ముందు స్పోర్ట్స్ కారు నిలబడలేదు. ఉండేవి రెండే సీట్లు. అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టుకుని ఎక్కడికీ తీసుకెళ్ళలేం. డిక్కీలో రెండు పెద్ద సూట్‌కేసులు పట్టవు. మరి దాని విలువని దేంతో కొలవాలి?

"ఆనందంతో" అని చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆనందానికి కూడా బిల్లొస్తుంది. ఆ బిల్లు ఎవరు కడుతున్నారన్నదే నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న. దాని గురించి మాట్లాడ్డానికి రెండు కార్లు తీసుకుంటాను. అమెరికాలో సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కొత్త కార్ల ధర పెట్టలేనివాళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకునే కార్లు ఇవి. చదువుకో ఉద్యోగానికో అక్కడికెళ్ళిన మనవాళ్ళు సీనియర్ల సలహా మీద ముందు కరోలానో సివిక్‌నో కొనుక్కుని, కొన్నేళ్ళ తర్వాత రాత్రిపూట ఫోన్లో చూసుకుంటూ పడుకునే రకం.

మొదటిది పోర్షె బాక్‌స్టర్. 1996లో వచ్చింది. ఆరు సిలిండర్ల ఇంజను సీట్ల వెనకే ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు అమెరికాలో దాని ధర దాదాపు 40 వేల డాలర్లు. ఆ తొలి తరం కారు తర్వాత్తర్వాత అందులో చిన్న భాగానికే దొరకడం మొదలైంది. పోర్షె బ్యాడ్జి, మామూలు సెడాన్ ధర. ఎందుకంత చవక? చాలా కారణాల్లో ఒకటి ఇంజను లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ని మోసే ఒక బేరింగ్. అన్ని కార్లలోనూ అది పాడవదు. పాడైన కారులో మాత్రం లోహపు ముక్కలు ఇంజనంతా తిరిగి ఇంజనే పోతుంది. చాలాసార్లు ముందుగా చప్పుడు కూడా చేయదు. అప్పుడు కొత్త ఇంజను ఖర్చు కారు ధరని దాటిపోవచ్చు. దీని మీద అమెరికాలో యజమానులు కోర్టుకెళ్ళారు, కొన్ని మోడళ్ళ విషయంలో రాజీ కుదిరింది.

రెండోది మాజ్దా మియాటా. దాని సంగతి కాసేపాగి.

బాక్‌స్టర్ కొనేవాడి ముందున్న చిక్కు ఏమిటంటే, ఆ బేరింగ్ కంటికి కనపడదు. గేర్‌బాక్స్ దించితే గానీ దాని దగ్గరికి వెళ్ళలేం. అందుకే తెలిసినవాళ్ళు క్లచ్ మార్చేటప్పుడే దాన్నీ మార్పించి రసీదు దాచుకుంటారు. ఆ రసీదు లేకపోతే, అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియదు. ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో సరిగ్గా ఈ సెకండ్ హ్యాండ్ కార్ల ఉదాహరణతోనే ఒక వ్యాసం రాశాడు. నాసిరకం కారుని అమెరికాలో 'నిమ్మకాయ' అంటారు. ఏది మంచిదో ఏది నిమ్మకాయో కొనేవాడికి తెలియనప్పుడు, అన్నిటికీ కలిపి ఒక అనుమానపు ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి కారున్నవాడు అమ్మడు. మార్కెట్లో నిమ్మకాయలు మిగుల్తాయి. 2001లో ఆయనకి వచ్చిన నోబెల్ వెనక ఈ ఆలోచన ఉంది.

అకెర్లాఫ్ దీన్ని మార్కెట్ సమస్యగా చూశాడు. నాకిది నీతి సమస్యగా కూడా కనిపిస్తుంది. చేయించాల్సిన సర్వీసుని ఒకడు ఏడాదిపాటు వాయిదా వేస్తాడు. ఆ ఏడాది కారు బాగానే నడుస్తుంది. డబ్బు మిగిలిందనుకుంటాడు. నిజానికి అది మిగలలేదు, అప్పుగా మారింది. ఎవరి పేరు మీద ఉందో ఇంకా రాయని అప్పు. కారు అమ్మిన రోజున అది కొన్నవాడి పేరు మీదకి వెళ్తుంది. 'చవక స్పోర్ట్స్ కారు' అని మనం అనేది చాలాసార్లు ఇలా చేతులు మారుతూ వచ్చిన అప్పుల మూట. మొదటి యజమాని తరుగుదల భరించాడు. మధ్యలోవాళ్ళు ఆనందం అనుభవించారు. ఆఖరివాడు, అందరికంటే తక్కువ డబ్బున్నవాడు, ఇంజను భరిస్తాడు.

ఇది తెలిసి కూడా మనుషులు కొంటారు. అంతటితో ఆగకుండా ఆ ఇబ్బందికి ఒక అందమైన పేరు పెడతారు: క్యారెక్టర్. 1960లు, 70లలో బ్రిటన్‌లో తయారైన ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి చిన్న టాప్‌లెస్ కార్లు దీనికి ప్రసిద్ధి. ఆయిల్ కారేవి. లైట్లు వాటికి బుద్ధి పుట్టినప్పుడు వెలిగేవి. వాటి ఎలక్ట్రికల్ భాగాలు తయారుచేసిన లూకాస్ కంపెనీకి 'చీకటి యువరాజు' అని వెక్కిరింపు పేరుండేది. అయినా వాటిని ప్రేమించినవాళ్ళు కారిన ఆయిల్ గురించి కూడా ముద్దుగానే మాట్లాడతారు. ఆ మాటల వెనక ఒక సిద్ధాంతం ఉంది: బాధ పెట్టనిదానికి ఆత్మ ఉండదు. నమ్మకంగా పనిచేసేది ఉత్త వస్తువు, మొరాయించేది ప్రాణమున్నది.

పాలిచ్చే ఆవు తన్నినా భరించాలని మన సామెత. అందులో లౌక్యం ఉంది, తప్పులేదు. కానీ ఇక్కడ జరుగుతున్నది వేరు. ఆవు తంతోంది కాబట్టే పాలు చిక్కగా ఉన్నాయని అనుకోవడం.

ఈ అనుకోలుకి మియాటా సమాధానం చెప్పింది. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు పాత్రికేయుడు మాజ్దాలో పెద్ద ఇంజనీరైన కెనిచి యమమోటోతో, పాత బ్రిటిష్ పద్ధతిలో తేలికైన రోడ్‌స్టర్ ఒకటి చేయమని అన్నాడు. పదేళ్ళ తర్వాత, 1989 ఫిబ్రవరిలో, షికాగో ఆటో షోలో మియాటా కనపడింది. 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్, ధర 13,800 డాలర్లు. ఆ ఇంజను గొప్ప బలమైనదేం కాదు. 1962 నాటి లోటస్ ఎలాన్‌లోని తేలికదనాన్ని, చురుకుని తీసుకున్నారు, మొరాయింపుని వదిలేశారు. 'జిన్‌బా ఇత్తాయ్' అన్నది వాళ్ళు పెట్టుకున్న ఆదర్శం. గుర్రమూ రౌతూ ఒకటవడం అని. 2016 ఏప్రిల్ నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. రెండు సీట్ల టాప్‌లెస్ స్పోర్ట్స్ కార్లలో అంతగా అమ్ముడైంది ఇంకోటి లేదు.

ఆ తొలి తరం కారులో నాకు బాగా నచ్చే వివరం వేగానికి సంబంధించింది కాదు. టైమింగ్ బెల్ట్‌ని సుమారు 60 వేల మైళ్ళకి మార్చాలి. మర్చిపోయారనుకోండి, బెల్ట్ తెగుతుంది, కారు ఆగుతుంది. చాలా ఇంజన్లలో ఆ క్షణంలో వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుని ఇంజను పోతుంది. ఇందులో గుద్దుకోవు. వాటి మధ్య చోటు వదిలారు. కొత్త బెల్ట్ వేస్తే మళ్ళీ నడుస్తుంది. మనిషి మర్చిపోతాడని ఒప్పుకుని, మర్చిపోయినందుకు శిక్ష చిన్నదిగా ఉండేలా చేసిన ఏర్పాటది. ఇంజనీర్లు అంత దయతో ఆలోచించి ఉండకపోవచ్చు. ఫలితం మాత్రం దయలాగే ఉంటుంది.

మియాటాకీ లోపాలున్నాయి. మొదటి రెండేళ్ళ కార్లలో క్రాంక్ షాఫ్ట్ ముందు కొస బలహీనం. తలుపుల కింద తుప్పు పడుతుంది. గుడ్డ టాపు చిరుగుతుంది. టైర్లు, బ్రేకులు, ఇన్సూరెన్స్ ఏ కారుకైనా తప్పవు. తేడా ఎక్కడంటే, దాని ఖర్చుల్లో ఎక్కువ భాగం ముందే తెలిసేవి. తెలిసిన ఖర్చుని నెలనెలా పక్కన పెట్టుకోవచ్చు. తెలియని ఖర్చుకి ఎప్పుడూ భయపడుతూనే ఉండాలి. ధర సమానమైనా ఈ రెండూ ఒకటి కావు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఏ ఇబ్బందీ లేకపోతే మనకి దానితో సంబంధమే ఏర్పడదు కదా? చేతికి గ్రీజు అంటకుండా ప్రేమ ఎలా వస్తుంది? పిర్సిగ్ 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'లో బండి బాగుచేసుకోవడం నేర్చుకోవడానికి ఇష్టపడని స్నేహితుడొకడు ఉంటాడు. ఆ తప్పించుకోవడంలో ఏదో కోల్పోతున్నాడని రచయిత బాధ. నేనూ ఒప్పుకుంటాను. కానీ సంరక్షణ వేరు, సహించడం వేరు. సమయానికి ఆయిల్ మార్చడం, బెల్ట్ మార్చడం, చప్పుడు వినడం నేర్చుకోవడం సంరక్షణ. రౌతు కొద్దీ గుర్రం అన్నది ఇక్కడ నిజమే. నా శ్రద్ధకి ఆ కారు జవాబు చెప్తుంది. ఎంత శ్రద్ధ పెట్టినా ఒక రోజు ఉత్తినే పగిలిపోగలిగేది నా శ్రద్ధకి జవాబు చెప్పడం లేదు. అక్కడ నేను చేస్తున్నది సంరక్షణ కాదు, మొక్కు.

ఇంతకీ ఇది కార్ల గురించి మాత్రమేనా అంటే, కాదేమో. మనుషుల విషయంలో కూడా మనం ఇదే చేస్తాం. చెప్పిన టైముకి రాని కవిని, అప్పు తీర్చని నటుణ్ణి, ఇంట్లోవాళ్ళని ఏడిపించే మేధావిని "ఆర్టిస్టు కదా, అలాగే ఉంటాడు" అని వదిలేస్తాం. మాట తప్పని స్నేహితురాలిని మాత్రం "మంచిదే పాపం" అంటాం. ఆమె మీద ఎవరూ వ్యాసం రాయరు. మొరాయింపుని లోతుగా, నమ్మకాన్ని చప్పగా చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ అలవాటు ఖరీదు మెచ్చుకునేవాళ్ళు కట్టరు. పక్కనున్నవాళ్ళు కడతారు. రాత్రి పదకొండింటికి హైవే పక్కన ఆగిన కారు కోసం ఇంట్లోంచి ఎవరో బయల్దేరాలి. ఆ నెల దాచుకున్న డబ్బులోంచి ఇంజను ఖర్చు పోతే, ఆగిపోయేది ఇంకెవరి పనో.

కాబట్టి స్పోర్ట్స్ కారు కొనడం తప్పా? కాదు. "ఎంతిస్తుంది?" అన్న ప్రశ్నకి జవాబు లేనివి కూడా జీవితంలో కొన్ని ఉండాలి. సంగీతం లీటరుకి ఎంతిస్తుందని అడగం. బాక్‌స్టర్ కొనడం కూడా తప్పు కాదు, పక్కన ఇంజను డబ్బు పెట్టుకుని, ఆ డబ్బు ఎవరి నోటి దగ్గరిదీ కాదని చూసుకుని కొంటే. అప్పుడది సాహసం. ఆ డబ్బు లేకుండా కొంటే, ఇంట్లోవాళ్ళని అడక్కుండా వాళ్ళ పేరు మీద ఆడిన జూదం.

అమ్మే రోజు కూడా ఒకటొస్తుంది. అప్పుడు గ్లవ్‌బాక్స్‌లో ఉన్న రసీదులన్నీ, చేయించని పనుల చీటీతో సహా, కొనేవాడి చేతిలో పెట్టాలి. దానివల్ల ధర కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఆ తగ్గిన మొత్తం కూడా మనం అనుభవించిన ఆనందం బిల్లులో భాగమే.