తలుపు వేసుకోండి, కాగితం చూపించండి

సంపన్నులు చాటుగా కూడి ప్రభుత్వాలను నడిపిస్తున్నారని వాపోయేవారికి పూర్వపక్షి వేసే మొదటి ప్రశ్న న్యాయమైనదే: “అయ్యా, మీరు ఆ గదిలో లేరు. లోపలేం జరిగిందో ఎట్లా చెబుతారు?” 1954లో నెదర్లాండ్స్‌లోని బిల్డర్‌బర్గ్ హోటల్లో మొదలైన యూరప్, అమెరికా ప్రముఖుల సమావేశాల మీద ఏడు దశాబ్దాలుగా పుకార్లు పుడుతూనే ఉన్నాయి. ఏ మాట ఎవరన్నారో బయటపెట్టకూడదన్నది అక్కడి నియమం. అయితే పుకారు వల్ల ధనవంతుడికి నష్టమేమీ లేదు. జనం కనబడని గది గురించి మాట్లాడుకుంటున్నంతసేపు, కనబడాల్సిన కాగితాన్ని ఎవరూ అడగరు. నేను అడిగేది ఆ కాగితాన్నే.

మా నెల్లూరు జిల్లా వెంకటాచలాన్నే తీసుకుందాం. ఓబులవారిపల్లె నుంచి వెలిగొండలు తొలిచి వేసిన సుమారు 112 కిలోమీటర్ల రైలుమార్గం 2019లో ఇక్కడికొచ్చి కలిసింది. ఇక్కణ్ణుంచి గూడ్సు బళ్లు కృష్ణపట్నం రేవుకు పోతాయి. 2008లో నవయుగ వారి ఆధ్వర్యంలో మొదలైన ఆ రేవులో 75 శాతం వాటా 2020లో అదానీ పోర్ట్స్‌కు చేరింది. మిగతా 25 శాతం 2021లో, 2,800 కోట్లకు. ఇందులో ఎవరో తప్పు చేశారనడం లేదు. షేర్‌మార్కెట్లో నమోదైన కంపెనీ ఇట్లాంటి సంగతులు గంటల వ్యవధిలో ఎక్స్ఛేంజీకి చెప్పి తీరాలి. ముంబైలో పది షేర్లున్న మనిషికి చట్టం ఇచ్చిన ఈ భరోసా, రేవు పక్క ఊళ్లో ఓటున్న మనిషికి ప్రభుత్వ నిర్ణయాల విషయంలో లేదు.

“మరి పార్టీలకు చందాలిచ్చేవాడి పేరు బయటికొస్తే అధికారంలో ఉన్నవాళ్లు కక్ష కట్టరా?” అంటాడు పూర్వపక్షి. దాత పేరు దాచిపెడుతూ 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లకు కేంద్రం కోర్టులో చెప్పుకున్న సమర్థన కూడా ఇదే. వినడానికి బాగుంది. కానీ బాండ్లమ్మింది ప్రభుత్వ రంగంలోని స్టేట్ బ్యాంకు. ఒక్కో బాండు మీద మామూలు కంటికి కనబడని నంబరు ఒకటుండేది. తెలుసుకోదలిస్తే పాలకులు తెలుసుకోగలిగేవారు. తెలుసుకునే దారి లేకపోయింది ఓటరుకే. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న పథకాన్ని కొట్టేసేనాటికి సుమారు 16,000 కోట్లు చేతులు మారాయి. ప్రభుత్వ ప్రాజెక్టులు కట్టే హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లతో దాతల్లో రెండో స్థానంలో ఉందన్న సంగతి ఆ తీర్పు తర్వాతే తెలిసింది. చందాకూ కాంట్రాక్టుకూ ముడి ఉందా లేదా అన్నది వేరే విచారణ. అసలు ఆ ప్రశ్న వేయడానికే ఆరేళ్లు పట్టింది, అదీ కోర్టు చెబితే.

ఇక గట్టి ఆక్షేపణ: “పెట్టుబడి పెట్టేవాడితో బజార్లో కూర్చుని బేరమాడగలమా? రేవులు, రైళ్లు, ఉద్యోగాలు ఊరకే వస్తాయా?” రావు. బేరం తలుపు వేసుకునే ఆడండి. కుదిరాక భూమి ఎంతకిచ్చారో, ఏ రాయితీ ఎన్నేళ్లకిచ్చారో చెప్పే జీవో మాత్రం అందరి కంటా పడాలి. సమాచార హక్కు చట్టం ఉందిగా అనవద్దు. వాణిజ్య గోప్యత పేరుతో కాదనే వీలు ఆ చట్టంలోనే ఉంది. పైగా అడగాలంటే జీవో ఒకటి ఉందని ముందు తెలియాలి కదా! ఉమ్మడి రాష్ట్రంలో కంపెనీలకు భూములు, అనుమతులు ఇచ్చిన 26 జీవోల వ్యవహారం 2012లో సుప్రీంకోర్టు దాకా పోగలిగింది. అందులో దోషులెవరన్నది అటుంచితే, ప్రశ్నించడానికి నంబరూ తేదీ ఉన్న జీవోలంటూ దొరికాయి.

అట్లా ప్రశ్నించే వీలు ఎంత పలచనిదో 2021 ఆగస్టులో తేలింది. జీవోలను వెబ్‌సైటులో పెట్టడం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపేసింది. 2024 ఆగస్టులో, ప్రభుత్వం మారాక, మళ్లీ పెట్టడం మొదలైంది. ఆపిందీ ఒక ఉత్తర్వే, తెరిచిందీ ఉత్తర్వే. రేపు ఇంకొకటి మూసేయగలదు. కాబట్టి వెంకటాచలం ఉన్న సర్వేపల్లి నియోజకవర్గంలో ఓటడగడానికి ఏ జెండా పట్టుకుని ఎవరొచ్చినా, ఎవరితో భోంచేశారని అడగకండి. ప్రతి జీవోనూ వారంలోగా బయటపెట్టాలనే చట్టానికి అసెంబ్లీలో చెయ్యెత్తుతారా అని అడగండి.