గడువు లోపల ఖాళీ చేయించడం ధర్మమా?

అద్దెకు ఇచ్చిన ఇంటిని గడువు తీరకముందే తిరిగి తీసుకునే అధికారం యజమానికి ఎంతవరకు ఉంటుందన్న ప్రశ్న పైకి కోర్టులో తేలవలసిన తగాదాలా కనిపించినా, దాని మూలంలో ధర్మశాస్త్రకారులనూ తత్త్వవేత్తలనూ తరతరాలుగా ఆలోచింపజేసిన సమస్య ఒకటి ఉంది. తన సొత్తు మీద మనిషికి ఉన్న అధికారం గొప్పదా, ఆ సొత్తు గురించి అతడు ఇచ్చిన మాట గొప్పదా అన్నదే ఆ సమస్య. గడువు చెప్పి ఇల్లు ఇచ్చిన యజమాని ఆ గడువు మేరకు తన అధికారంలో కొంత భాగాన్ని తానే వదులుకున్నాడని, ఆ మాట నుంచి అతన్ని విడిపించగలిగేది ఇష్టం కాక అవసరం మాత్రమేనని, ఆ అవసరాన్ని తేల్చవలసింది కూడా అతనొక్కడే కాదని వివిధ ధర్మసంప్రదాయాలను కలిపి చూసినప్పుడు స్పష్టమవుతుంది.

ఆస్తి బదలాయింపు చట్టం, 1882 తన 105వ సెక్షన్‌లో లీజును నిర్వచిస్తూ, స్థిరాస్తిని అనుభవించే హక్కును ప్రతిఫలం తీసుకుని కొంతకాలానికి బదలాయించడమే లీజు అని చెబుతుంది. ఈ నిర్వచనం రెండు అధికారాలను విడదీస్తుంది. వస్తువు తనదని చెప్పుకుని, దాన్ని అమ్మడానికీ వారసులకు ఇవ్వడానికీ వీలు కల్పించేది స్వామ్యం. ఆ వస్తువును వాడుకుంటూ అందులో బతకడానికి వీలు కల్పించేది భోగం. అద్దెకు ఇచ్చిన యజమాని దగ్గర స్వామ్యం పూర్తిగా మిగిలే ఉంటుంది గానీ, గడువు ముగిసేదాకా భోగం అద్దెదారుదే అవుతుంది. అద్దె చెల్లిస్తూ షరతులు పాటిస్తున్నంతకాలం ఆటంకం లేకుండా ఇంట్లో ఉండనిస్తానని యజమాని హామీ ఇచ్చినట్లే భావించాలని అదే చట్టంలోని 108వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, ఆ మాట కాగితం మీద లేకపోయినా ఉన్నట్లే లెక్క. అందువల్ల గడువు మధ్యలో “నా ఇల్లు, నా ఇష్టం” అనే యజమాని తన దగ్గర ఉన్న హక్కును ఆధారం చేసుకుని, తాను అప్పటికే ఇచ్చేసిన హక్కును అడుగుతున్నాడు.

ఈ విభజన ఆధునిక చట్టంతో కొత్తగా పుట్టలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో వ్యవహారాలను, అంటే న్యాయస్థానానికి వచ్చే వివాదాలను చర్చించే మూడో అధికరణం పేరు ధర్మస్థీయం. అందులో ఇళ్లకు సంబంధించిన ప్రకరణంలో అద్దెను అవక్రయమని, అద్దెదారును అవక్రయి అని పిలుస్తూ, వెళ్లిపొమ్మన్న తరువాత కూడా కదలకుండా కూర్చున్నవాడికీ, అద్దె చెల్లిస్తున్నవాణ్ణి బయటికి నెట్టిన యజమానికీ ఒకే శిక్షగా పన్నెండు పణాల జరిమానా విధించారు. దూషణ, దొంగతనం, దౌర్జన్యం, స్త్రీల విషయంలో దుష్ప్రవర్తన, దొంగహక్కుతో అనుభవించడం వంటి సందర్భాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. తనంతట తానే ఖాళీ చేసి వెళ్లేవాడు ఆ ఏడాదికి మిగిలిన అద్దె చెల్లించాలన్న నియమం కూడా అక్కడే ఉంది. ఈ విధానంలో గమనించవలసింది దాని సమత్వం. కౌటిల్యుడు యజమానిని బలవంతుడిగానో, అద్దెదారును దీనుడిగానో చూడకుండా, ఇద్దరూ ఒకే కాలానికి కట్టుబడ్డవారని భావించి, ఎవరు ముందుగా ఆ కట్టు తెంచితే వారే మూల్యం చెల్లించాలన్నాడు. మినహాయింపులన్నీ అద్దెదారు చేసిన తప్పుల చుట్టూ ఉన్నాయే తప్ప, యజమాని మనసు మారడం వాటిలో ఒకటి కాదు.

నారదస్మృతి ఇదే ఆలోచనను మరో వైపు నుంచి అందుకుంటుంది. పరుల స్థలంలో అద్దె చెల్లిస్తూ ఇల్లు కట్టుకుని ఉన్నవాడు వెళ్లేటప్పుడు తన గడ్డి, కలప, ఇటుకలు తీసుకుపోవచ్చునని, అద్దె ఇవ్వకుండా, అనుమతి లేకుండా ఉన్నవాడికి ఆ హక్కు లేదని చెబుతుంది. నేల ఎవరిదన్నదానితో తేలని హక్కు ఒకటి అద్దె చెల్లించినందువల్ల పుడుతుందని, స్థలయజమాని ఆ శ్రమఫలాన్ని తన సొత్తులో కలుపుకోలేడని దీని అంతరార్థం. ఈ వ్యవహారధర్మం తెలుగువారికి సంస్కృతంలోనే మిగిలిపోలేదు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

అయితే తప్పు చేయని అద్దెదారును కూడా ఖాళీ చేయమనవలసిన పరిస్థితి యజమానికి నిజంగా వస్తే ఏమిటన్న ప్రశ్నకు కౌటిల్యుని సూత్రం నేరుగా జవాబివ్వదు. ఆ ప్రశ్నను లోతుగా తరచినవారిలో యూదు ధర్మవేత్తలు ముఖ్యులు. సుమారు క్రీ.శ. 200 నాటికి సంకలనమైన మిష్నాలోని బావా మెత్సియా అనే భాగం, గడువు నిర్ణయించకుండా అద్దెకు ఇచ్చిన ఇంటిని వానాకాలంలో, అంటే శరదృతువులోని సుక్కోత్ పండుగ నుంచి వసంతంలోని పస్కా పండుగ వరకు ఖాళీ చేయించకూడదని, వేసవిలో ముప్పై రోజుల వ్యవధి ఇవ్వాలని, ఇళ్లు దొరకడం కష్టమైన పెద్ద పట్టణాల్లో ఏ కాలంలోనైనా పన్నెండు నెలలు ఇవ్వాలని చెబుతుంది. రొట్టెలు చేసేవారి దుకాణానికీ, అద్దకపువారి దుకాణానికీ మూడేళ్లు ఇవ్వాలని రబ్బాన్ షిమోన్ బెన్ గమలియేల్ అభిప్రాయపడ్డాడు. వారు ఖాతాదారులకు ఇచ్చిన అప్పులు వసూలు కావడానికి చాలాకాలం పడుతుందని, మిష్నా మీద చర్చల సంకలనమైన తాల్ముద్ కారణం వివరించింది. ఇక్కడ వ్యవధిని నిర్ణయిస్తున్నది యజమాని సౌకర్యం కాదు, వెళ్లిపోయేవాడికి మరోచోట నిలదొక్కుకోవడానికి పట్టే కాలం. అదే తాల్ముద్ యజమానిని కూడా విస్మరించలేదు. యజమాని ఉంటున్న ఇల్లే కూలిపోతే, “నీవు నాకంటే ఎక్కువవాడివి కావు” అని అద్దెదారుతో చెప్పే అవకాశం అతనికి ఉందని ఒప్పుకుంది.

ఇష్టానికీ అవసరానికీ ఉన్న తేడా ఈ కూలిన ఇంటి ఉదాహరణలో స్పష్టంగా కనిపిస్తుంది. తలదాచుకునే చోటు లేని యజమాని కష్టం అద్దెదారుకు కలగబోయే కష్టంతో సమానమైనది కాబట్టి దాన్ని తూచవచ్చు. ఎక్కువ అద్దె ఇచ్చేవారు దొరికారన్న కారణం ఆ తూకంలోకే రాదు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఇజారా అనే అద్దె ఒప్పందం ఇద్దరినీ కట్టిపడేసేదే అయినా, హనఫీ శాఖ పండితులు ఉజ్ర్ అనే న్యాయమైన కారణం ఉన్నప్పుడు దాన్ని రద్దు చేయవచ్చన్నారు. ఇల్లు అమ్మితే తప్ప తీరని అప్పుల్లో యజమాని కూరుకుపోవడం అలాంటి కారణమని 12వ శతాబ్దపు మర్గీనానీ తన హిదాయా గ్రంథంలో వివరిస్తూ, ఆ రద్దును ఖాజీ, అంటే న్యాయాధికారి ద్వారా జరిగేదిగా చెప్పాడు. షాఫీ శాఖ పండితులు ఇంతటి మినహాయింపునూ అంగీకరించక, అద్దెకిచ్చిన వస్తువులో లోపం ఏర్పడితే తప్ప ఒప్పందం చెదరదన్నారు. ఈ భేదాభిప్రాయం వెనుక కూడా ఒక ఏకాభిప్రాయం ఉంది: కారణం చెప్పకుండా తెంచే అధికారాన్ని ఏ పక్షమూ యజమానికి ఇవ్వలేదు.

ఇల్లు అద్దెకు తీసుకోవడం ఇతర వస్తువులను అద్దెకు తీసుకోవడం వంటిది ఎందుకు కాదన్నది దీనికి తోడుగా ఆలోచించవలసిన విషయం. అమెరికా న్యాయతత్త్వవేత్త మార్గరెట్ రేడిన్ 1982లో ప్రచురించిన వ్యాసంలో, కొన్ని వస్తువులు మనిషి వ్యక్తిత్వంలో భాగమై ఉంటాయని, మరికొన్ని డబ్బుతో మార్చుకోదగినవిగానే ఉంటాయని విభజించి, ఒకే ఇల్లు అందులో ఉంటున్న అద్దెదారుకు మొదటి రకం, ఆదాయం కోసం ఇచ్చిన యజమానికి రెండో రకం కావచ్చునని వాదించింది. ఒక తెలుగు పట్టణంలో జూన్‌లో అద్దెకు దిగిన కుటుంబాన్ని చూస్తే ఈ వాదం అర్థమవుతుంది. మంచిరోజు చూసి పాలు పొంగించి దిగిన ఆ కుటుంబం పిల్లలను దగ్గరి బడిలో చేర్పించి ఏడాది ఫీజు కడుతుంది. గ్యాస్ కనెక్షన్, ఆధార్ చిరునామా మార్పించుకుంటుంది. వీధి చివరి దుకాణంలో ఖాతా పెట్టుకుంటుంది. నవంబరులో నెలాఖరుకల్లా ఖాళీ చేయమంటే పోయేది గోడలూ పైకప్పూ మాత్రమే కాదు, ఆ గోడల చుట్టూ అల్లుకున్న ఏడాది జీవితం. మిష్నా వానాకాలానికి ఇచ్చిన రక్షణను ఈ సమాజంలో విద్యాసంవత్సరానికి ఇవ్వడమే ఆ సూత్రాన్ని నిజంగా అనుసరించడం అవుతుంది.

తెలుగు ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు మతవిశ్వాసంతో ముడిపడిన మరో ముఖం కూడా ఉంది. అద్దె ఇంట్లో ఉన్నవారిలో ఎవరైనా మరణిస్తే శవాన్ని ఇంట్లోకి తేనివ్వకపోవడం, కర్మకాండ ముగిసేదాకా కుటుంబాన్ని బయట ఉండమనడం, కొన్నిసార్లు ఇల్లే ఖాళీ చేయమనడం తెలంగాణ పట్టణాల్లో పదేపదే వార్తలకెక్కిన విషయం. ఇంటికి అరిష్టమన్న భయం దీనికి కారణంగా చెబుతారు. కానీ ఆశౌచం, అంటే వాడుకలో మైల, ధర్మశాస్త్రాల్లో ప్రధానంగా మృతుని బంధుత్వాన్ని బట్టి వచ్చేది, దినాల లెక్కతో తీరిపోయేది. నేల విషయానికి వస్తే ఊడ్వడం, అలకడం, నీళ్లు చల్లడం, పైమట్టి గీకివేయడం, ఆవులను ఉంచడం అనే అయిదింటితో అది శుద్ధి అవుతుందని మనుస్మృతి చెబుతుంది. తీరిపోయే మైలను తీరని దోషంగా భావించి, దుఃఖంలో ఉన్నవారిని వీధిలో నిలబెట్టడానికి శాస్త్రం ఆధారం కాజాలదు. భయం నిజమైనదే కావచ్చు గాని, భయం కూలిన ఇంటితో సమానమైన అవసరం కాదు.

ఆధునిక చట్టం ఈ ధర్మవిచారణకు కొంత దగ్గరగానూ, కొంత దూరంగానూ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో వచ్చిన భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం, సొంత అవసరం వంటి నిర్దిష్ట కారణాలు రుజువు చేస్తేనే ఖాళీ చేయించవచ్చునని, ఒప్పుకున్న గడువు తీరకముందు సొంత అవసరం పేరుతో దరఖాస్తు చేయరాదని చెప్పింది. అదే భవనంలో ఒక భాగంలో ఉంటూ మిగతా భాగం కూడా కావాలనే యజమాని విషయంలో, అతనికి కలిగే లాభాన్నీ అద్దెదారుకు కలిగే కష్టాన్నీ పోల్చి చూడమంది. అయితే 2005 సవరణ నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలకు మించిన అద్దె ఉన్న భవనాలను ఈ చట్టం నుంచి తప్పించింది. దానివల్ల సాధారణ మధ్యతరగతి పోర్షన్లు కూడా 1882 చట్టం కిందికే వెళ్లాయి. ఒప్పందం లేనిచోట నెలసరి అద్దెను పదిహేను రోజుల నోటీసుతో ముగించడానికి ఆ చట్టం వీలిస్తుంది. ఒప్పందం ఉన్నచోట కూడా పదకొండు నెలల అగ్రిమెంట్లే వాడుకగా మారాయి. అయినా ఒక కనీస హద్దు మిగిలింది: న్యాయప్రక్రియ లేకుండా బలవంతంగా బయటికి నెట్టబడినవారు ఆరు నెలల్లోగా దావా వేసి, సొంతదారు నుంచైనా స్వాధీనం తిరిగి పొందవచ్చునని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షన్ చెబుతుంది. యజమానికి నిజమైన హక్కు ఉన్నా, తాళం మార్చి దాన్ని సాధించుకోకూడదన్నదే దీని సారాంశం.

యజమానుల పక్షాన చెప్పవలసిన న్యాయం కూడా బలమైనదే. పింఛను మీద బతుకుతూ పై అంతస్తు అద్దెతో మందుల ఖర్చు వెళ్లదీసుకునే వృద్ధ దంపతులకు అద్దె ఎగవేసే అద్దెదారు చేసే హాని చిన్నది కాదు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, గడువు తీరినా ఖాళీ చేయనివారు మొదటి రెండు నెలలకు రెట్టింపు, ఆ తరువాత నాలుగు రెట్లు అద్దె చెల్లించాలనడం ఆ న్యాయాన్ని గుర్తించడమే. గడువు మీద గౌరవం యజమాని నుంచి కోరేవారు దాన్ని అద్దెదారు నుంచి కూడా కోరాలన్నదే కౌటిల్యుని సమత్వం బోధించేది.

ఈ సంప్రదాయాలన్నిటి నుంచి తేలే ధర్మం ఇది. గడువు లోపల ఇల్లు కావాలనే యజమాని తన అవసరాన్ని మూడో వ్యక్తి ముందు నిరూపించాలి. వెళ్లేవారికి వారి పరిస్థితిని బట్టి కావలసిన కాలం ఇవ్వాలి. తరలింపు వల్ల కలిగే నష్టాన్ని అడ్వాన్స్‌లో కోతలతో వారిమీద రుద్దకుండా తానే భరించాలి. అవసరం మనిషిని మాట నుంచి విడిపించవచ్చు గాని, మాట తప్పడం వల్ల ఎదుటివారికి కలిగే నష్టం నుంచి విడిపించదు. ఈ షరతులు యజమాని స్వామ్యాన్ని తగ్గించవు. గడువు మాటకు విలువ ఉన్నప్పుడే అద్దె ఇవ్వడం, తీసుకోవడం అనే వ్యవహారం నమ్మకం మీద నిలుస్తుంది కాబట్టి, అవి ఇద్దరి హక్కులకూ ఒకే పునాది వేస్తాయి.