సూర్యుణ్ణి ఆపిన ప్రవక్త - మన వాదనల తీరు

మన యువకుల్లో కొందరు ప్రకృతి గురించి బైబిలు చెప్పిన మాటల్లోని వైరుధ్యాలను జాబితాగా రాసుకుని క్రైస్తవ మిత్రుల ముందు పెడుతుంటారు. యెహోషువ గ్రంథం 10వ అధ్యాయం అందులో తప్పక ఉంటుంది. గిబియోను యుద్ధంలో సూర్యుడు నిలిచిపోయాడని అక్కడుంది. "తిరిగేది భూమి కదా, సూర్యుడు ఆగడమేమిటి?" అని నవ్వుతారు.

ఆ నవ్వే సోదరుడు సహీహ్ బుఖారీ తెరిచి చూశాడా? ఒక ప్రవక్త యుద్ధానికి బయలుదేరి, అస్ర్ వేళకు ఊరిని సమీపించి, సూర్యుణ్ణి ఆపమని అల్లాహ్‌ను వేడుకోగా అది ఆపబడిందని హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించారు. ముస్నద్ అహ్మద్‌లోని ఉల్లేఖనం ఆయన పేరు యూషా బిన్ నూన్ అని తెలుపుతోంది. యెహోషువ అంటే ఆయనే! వివరాల్లో తేడా ఉండవచ్చు. కాని మనం దేన్ని చూసి నవ్వుతున్నామో ఆలోచించాలి.

కహఫ్ సూరా 86వ ఆయతులో జుల్‌ఖర్నైన్‌కు సూర్యుడు బురద నీటిలో అస్తమిస్తున్నట్లు కనిపించిందని ఉంది. అది ఆయన కంటికి కనిపించిన దృశ్యమని ఇమామ్ ఇబ్నె కసీర్ (రహ్మలై) వివరించారు. సముద్రపు ఒడ్డున నిలబడిన ఎవరికైనా అలాగే తోస్తుంది. మరి ప్రసంగి గ్రంథంలో సూర్యుడు ఉదయించి అస్తమిస్తాడన్న మాటకు అదే త్రాసు ఎందుకు వాడం? (ఇలాంటి వాక్యాలను అక్షరార్థంలో పట్టుకునే 1633లో రోము చర్చి గెలీలియోను శిక్షించింది. ఆ పొరపాటు మనకెందుకు?)

కుందేలు నెమరువేస్తుందన్న లేవీయకాండపు మాటను కూడా వదిలేయండి. దానివల్ల ఎవరి తౌహీదూ పెరగదు.

అడగదగిన ప్రశ్నలు లేకపోలేదు. ఆదికాండము మొదటి అధ్యాయంలో మొక్కలు, జంతువులు, ఆ తర్వాత మానవుడు. రెండో అధ్యాయంలో ముందు మానవుడు, తర్వాత తోట, ఆపైన జంతువులు. ఇవి రెండు వేర్వేరు కథనాలని క్రైస్తవ పండితుల్లోనే చాలామంది అంగీకరించారు. మర్యాదగా అడగవచ్చు. గ్రంథప్రజలు చెప్పేదాన్ని నిజమనీ, అబద్ధమనీ అనవద్దని ప్రవక్త (స) బోధించిన సంగతి మరువకండి. మన గ్రంథం తేల్చి చెప్పని చోట అదే హద్దు.

తేల్చి చెప్పిన చోటు ఒకటుంది. ఆరు దినాల సృష్టి తర్వాత దేవుడు ఏడో దినాన విశ్రమించాడని ఆదికాండము అంటుంది. విశ్రమించడమంటే పని ముగించడమేనని వారు చెబితే ఓపికగా వినండి. నిర్గమకాండము 31:17లో హీబ్రూ మాటకు సేదతీరాడన్న అర్థముంది, దాని సంగతేమిటని అడగండి. ఖాఫ్ సూరా 38వ ఆయతు ఆ ఆరు దినాలను ప్రస్తావించి, అల్లాహ్‌కు ఏ అలసటా కలగలేదని స్పష్టం చేసింది. మాట్లాడితే ఇక్కడ మాట్లాడండి, అదీ అంకబూత్ సూరా 46వ ఆయతు ఆదేశించిన ఉత్తమ రీతిలోనే.