పలక తుడిచినంత మాత్రాన...

"అయిందేదో అయింది, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడదాం!"

ఈ మాటలో ఎంత హాయి ఉందో చూడండి. పరీక్ష తప్పిన కుర్రాడు అంటాడు, అప్పు తీర్చుకున్న పెద్దమనిషి అంటాడు, పోట్లాడుకుని రాజీపడ్డ తోడికోడళ్ళు అంటారు. పలక తుడిచి ఓనమాలు దిద్దుకున్నట్టే బతుకునూ కొత్తగా దిద్దుకోవచ్చునని మనకో నమ్మకం. అయితే అంతా తుడిచేస్తే నిజంగా కొత్త జీవితం మొదలవుతుందా? దీనికి వేదాంతుల దాకా పోనక్కర్లేదు. ఇంట్లో మూల బల్ల మీదున్న కంప్యూటరే జవాబు చెబుతుంది.

పటాన్‌చెరులో ఏ ఫ్యాక్టరీ ఉద్యోగి ఇంట్లోనో కంప్యూటరు నత్తనడక నడుస్తోందని, పాతదంతా తుడిచి ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించారనుకోండి. పని పూర్తయిందని తెరమీద కనిపిస్తుంది. తీరా ఆపి, మళ్ళీ మీట నొక్కితే నల్లటి తెర! మొదలుపెట్టడానికి తగిన డిస్కు ఏదీ దొరకలేదని తెల్లటి అక్షరాల్లో ఒక ముక్క. డిస్కు పెట్టెలోనే ఉంది, కొత్త సిస్టమ్ ఆ డిస్కులోనే ఉంది. మరి దొరకకపోవడమేమిటి?

సంగతేమిటంటే, మీట నొక్కగానే మేలుకునేది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. మదర్‌బోర్డు మీద ఒక చిప్పులో చిన్న ప్రోగ్రాము ఉంటుంది. ముందు అది లేచి, ఏ డిస్కు దగ్గరికి వెళ్ళాలో తన జాబితాలో చూసుకుని, అక్కడున్న మరో చిన్న ప్రోగ్రామును లేపుతుంది. అది పెద్దదాన్ని లేపుతుంది. తెల్లవారుజామున అమ్మ లేచి పెద్దపిల్లను లేపితే, ఆ పిల్ల తక్కినవాళ్ళందర్నీ లేపినట్టన్నమాట. పాత పద్ధతి డిస్కుల్లో ఈ పెద్దపిల్లకు మొట్టమొదట కేటాయించిన చోటు 512 బైట్లు. ఇంగ్లీషులో రాస్తే ఒక పోస్టుకార్డు నిండేటన్ని అక్షరాలు, అంతే! ఆ కాస్త చెదిరితే డిస్కులో పదేళ్ళ ఫోటోలున్నా, పిల్లల సర్టిఫికెట్లున్నా ఎవరూ లేవరు.

అందుకే తెలిసినవాళ్ళు కంగారుపడి మళ్ళీ తుడవరు. ఎక్కించడానికి గుచ్చిన పెన్‌డ్రైవ్ తీశారా అని చూస్తారు. జాబితాలో సరైన డిస్కు ముందుందా అని చూస్తారు. ఎక్కించిన పద్ధతీ, యంత్రం ఎదురుచూసే పద్ధతీ ఒకటేనా అని చూస్తారు. ఆ తర్వాత లేపే ప్రోగ్రామును మాత్రం బాగుచేస్తారు. చాలాసార్లు పోయేది సామాను కాదు, సామాను దగ్గరికి దారి.

2024 జులై 19న లోకమంతా ఈ పాఠం నేర్చుకుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక్క తప్పు ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల యంత్రాలు లేవలేక కూలబడ్డాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మందేమిటి? అన్నీ తుడిచేయడం కాదు, యంత్రాన్ని జాగ్రత్తగా లేపి ఆ ఒక్క ఫైలూ తీసేయడం!

కంప్యూటరు మేలుకోవడాన్ని 'బూట్' అవడం అంటారు. తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని తన్ను తాను పైకి లేపుకోవడమనే ఇంగ్లీషు సామెతలోంచి వచ్చిన మాట అది. ఎంత నేర్పున్న గారడీవాడైనా తన భుజం తానే ఎక్కలేడని మన శాస్త్రకారులు ఏనాడో తేల్చారు. అంటే, శూన్యంలోంచి ఏదీ మొదలవదు. లేపడానికి ముందే లేచి ఉన్నది ఒకటి కావాలి.

ఇప్పుడు మన ఇళ్ళలోకి చూడండి. పెళ్ళికూతురికి మనం చెప్పేదేమిటి? "ఇకమీదట ఇదే నీ ఇల్లు, పుట్టింటి అలవాట్లు మరిచిపో" అంటాం. ఇంటిపేరు మారుస్తాం, పులుసు పెట్టే తీరు మారుస్తాం, చదివిన చదువును అటక మీదికెక్కిస్తాం. ఆరునెలలు పోయాక "ఆ పిల్ల ఎవరితోనూ కలవదమ్మా, ఎప్పుడూ ముంగిలా కూర్చుంటుంది" అని విసుక్కుంటాం. కలవమంటే ఎలా కలుస్తుంది? తన్ను తాను లేపుకునే ఆ పోస్టుకార్డంత చోటును కూడా మనమే తుడిచేశాం కదా! పొద్దున్నే పాడుకునే పాటో, అమ్మ నేర్పిన ముగ్గో, నెలకింత దాచుకునే అలవాటో... చూడబోతే చిన్నవే. ఆ పిల్ల లేచేది వాటితోనే.

అలాగని పుట్టింటిని పట్టుకు వేలాడమనడం లేదు. పెన్‌డ్రైవ్ తీయకుండా వదిలేస్తే యంత్రం ప్రతిసారీ దానివైపే చూసి, మళ్ళీ మొదటి ప్రశ్నలే అడుగుతూ కూర్చుంటుంది. కాపురానికెళ్ళిన కూతురు కూరలో ఉప్పెంతో రోజూ ఫోనులో చెప్పే తల్లులు ఈ ముక్క గమనించాలి!

మరి ఉంచుకోవలసిందెంత, వదులుకోవలసిందెంత? దీనికీ పటాన్‌చెరులోనే సమాధానముంది. 1972లో వెలసిన ఇక్రిశాట్ విత్తన నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. దీర్ఘకాలం దాచేవాటిని సున్నాకు 20 డిగ్రీల దిగువ చలిలో ఉంచుతారు. అక్కడ పంటంతా దాచరు, పిడికెడు గింజలే దాచుతారు. దాచి ఊరుకోరు, మొలకెత్తుతాయో లేదో అప్పుడప్పుడు పరీక్షిస్తారు కూడా. ఇథియోపియా, కెన్యా వంటి దేశాలకు వాళ్ళ జొన్న రకాలే ఇక్కణ్ణుంచి తిరిగి వెళ్ళాయి.

ఈసారి ఎవరినైనా "అంతా మరిచిపోయి కొత్తగా మొదలుపెట్టు" అనబోయే ముందు, వాళ్ళ దగ్గర పిడికెడు గింజలైనా మిగిల్చామా అని ఒక్క క్షణం ఆలోచిద్దాం. ముఖ్యంగా ఆ 'ఎవరైనా' మన ఇంటికొచ్చిన కోడలైతే.