ఏకాంతదర్శనము – లోకధర్మము

ప్రకృతి ఒడిలో మనస్సు తన్ను తాను మరచుట గొప్ప భాగ్యము. అయితే ఆ భాగ్యము పొందినవాడు తోటి మానవుని యెడ తన కర్తవ్యమునుండి విడివడునా, లేక దానికి మరింతగా కట్టుబడునా? సాధకులను తరచుగా కలవరపరచు ప్రశ్న యిది.

1877వ సంవత్సరమున, తరువాత వివేకానందస్వామిగా ప్రఖ్యాతిగాంచిన నరేంద్రనాథుడు, తన పదునాలుగవ యేట తల్లితో కలసి తండ్రి యున్న రాయపూరునకు బయలుదేరెను. అప్పటికింకను ఆ పట్టణమునకు రైలు లేదు. దట్టమైన అడవులగుండ ఎడ్లబండిలో చాల దినములు పోవలసివచ్చెను. దారిలో ఒక కొండచీలికయందు పైనుండి క్రిందివరకు వ్యాపించిన పెద్ద తేనెపట్టు అతని కంటబడెను. ఆ చిన్ని ప్రాణుల శ్రమను, దాని వెనుకనున్న అనంతశక్తిని తలంచుచు బాలుడు బండిలోనే బాహ్యస్మృతి కోల్పోయెనని జీవితచరిత్రలు చెప్పుచున్నవి.

ఇట్టి అనుభవమునే ఆధారముగా గొని అంతకు నలువదేండ్ల క్రిందట అమెరికాలో ఒక భావోద్యమము పుట్టినది. దానిని అతీంద్రియవాద మందురు. 1836లో ఎమర్సన్ ప్రకటించిన ‘ప్రకృతి’ యను గ్రంథమునందు, బయలు ప్రదేశమున నడచుచుండగా ‘నేను’ అను అల్పభావము కరగిపోయిన తీరు వర్ణింపబడినది. సర్వజీవులయందు ఒక్కటే ఆత్మ కలదని ఆయన 1841లో ఒక వ్యాసమున ప్రతిపాదించెను. మార్గరెట్ ఫుల్లర్ సంపాదకత్వమున 1840లో ‘డయల్’ పత్రిక వెలువడెను. 1785లో విల్కిన్స్ ఆంగ్లీకరించిన భగవద్గీతను వీరు ఆదరముతో పఠించిరి. 1845లో వాల్డెన్ సరస్సుచెంత కుటీరము కట్టుకొన్న థోరోకు సైతము గీత ప్రియగ్రంథము.

ఇది లోకమునుండి పారిపోవుట కాదా యని కొందరాక్షేపింతురు. ఆ యాక్షేపణకు సమాధానము వారి జీవితములయందే యున్నది. బానిసత్వమును, మెక్సికో యుద్ధమును సాగించు ప్రభుత్వమునకు తలపన్ను చెల్లింపనని థోరో 1846లో, కుటీరవాస కాలముననే, ఒక రాత్రి చెరసాలలో గడపెను. ఆ నిరాకరణమును సమర్థించుచు 1849లో ఆయన ప్రకటించిన వ్యాసము పిమ్మట గాంధీమహాత్మునకు బలము చేకూర్చినది. రాజకీయ వివాదములకు సహజముగా వెనుదీయు ఎమర్సన్ కూడ, పారిపోయిన బానిసలను పట్టియిచ్చు చట్టము 1850లో రాగా, దానిని సభలలో బహిరంగముగా ఖండించెను.

ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. అందరిలోను ఒక్కటే ఆత్మ యున్నదని నిజముగా కన్నవానికి బానిస కాలిసంకెల పరాయివాని సంకెల కాజాలదు. అట్లు తోచనియెడల అతడు కన్నది ఆత్మను కాదు, తన అహంకారమునకు ప్రకృతి తొడిగిన అందమైన ముసుగును మాత్రమే. ఆత్మవిశ్వాసమునకు, ఆత్మస్తుతికి గల భేద మిక్కడనే తేలును.

రాయపూరు త్రోవలో మైమరచిన బాలుడును ఆ తన్మయత్వముననే నిలిచిపోలేదు. పెరిగి పెద్దవాడై, 1893లో చికాగో సభలో ప్రసంగించి, 1897లో సన్న్యాసులను దీనజన సేవకు పురికొల్పు సంస్థను నెలకొల్పెను. ఏకాంతమున కలిగిన దర్శనము సత్యమో కాదో ఏకాంతమున తేలదు. మరలి వచ్చినపుడు గుమ్మముకడ నిలిచిన ఆర్తుని మొగము మనకెట్లు కనబడునో, అదియే దానికి గీటురాయి.