రుచి చూసేది ఎవరి కోసం

చెన్నై జార్జి టౌన్‌లోని ఆర్మేనియన్ వీధిలో రెండు పాత క్రైస్తవ సంప్రదాయాల గుడులున్నాయి: 1772 నాటి ఆర్మేనియన్ చర్చి, కపూచిన్ సన్యాసులు నెలకొల్పిన రోమన్ కాథలిక్ సెయింట్ మేరీస్. బలిపూజలో రోమన్ గురువు ద్రాక్షారసంలో కాసిన్ని నీళ్లు కలుపుతారు. ఆర్మేనియన్ ఆచారంలో కలపరు. నీళ్ల దగ్గర అంత పట్టింపు ఉంది గానీ, 1983 నాటి కాథలిక్ ధర్మశాస్త్రంలో ఆ ద్రాక్షారసం ధర మాటే లేదు. ద్రాక్షపండుదే కావాలి, సహజంగా ఉండాలి, చెడిపోకూడదు, అంతే. పుల్లబడి వెనిగర్ అయిందో లేదో తేల్చాల్సింది ముక్కూ నాలుకే. చాపల్యమని మనం ఈసడించే రుచికి ఆరాధనలోనే ఒక పని ఉందన్నమాట. రుచి చూడడం భోగమా, ధర్మమా? ఇంకొకరి కోసం చూసినప్పుడు అది ధర్మమేనని నేనంటాను.

ఇది గుడి బయటా వర్తిస్తుంది. ఇటలీలోని మోంటాల్చినోలో పాత ద్రాక్షతోటల వాళ్లు ఒకే సాంజొవేసె పండుతో రెండు ఎర్ర వైన్లు చేస్తారు. బ్రునెల్లో పంట తర్వాత ఐదో ఏటి జనవరి దాకా బజారుకు రాదు. చవకైన రోస్సో మరుసటి ఏడు సెప్టెంబరుకే వస్తుంది. గ్లాసులో అది కాస్త పలచని ఎరుపు. పుల్ల చెర్రీ వాసన, నాలుక పక్కల ఊరే నీరు, చివర చిగుళ్లను పట్టుకునే వగరు. ఏళ్ల తరబడి పీపాలో మగ్గలేదు కనుక పండులో లోపముంటే దాగే చోటు తక్కువ. పెద్ద సీసా కొనలేనివాడి చేతికి చేరేది ఇదే. అందుకే ఆ తోటవాళ్ల నిజాయితీని రోస్సోలోనే వెతకాలి. దాన్ని అశ్రద్ధగా రుచి చూసి పంపినవాడు తక్కువ డబ్బున్న మనిషిని తక్కువ మనిషిగా లెక్కగట్టినట్టే.

ఇంకొకరి కోసం రుచి చూడడం ధర్మమన్న మాటకు మన మడి వంటిల్లే అడ్డు చెబుతుంది. అదే జార్జి టౌన్‌లో చెన్నకేశవస్వామి గుడి ఉంది. వైష్ణవ ఆచారంలో నివేదనకు ముందు ఉప్పు సరిపోయిందో లేదో కూడా నోట వేసి చూడకూడదు. మొదటి రుచి దేవుడిదేనన్న వినయం అది, నాకు గౌరవముంది. కానీ వాల్మీకి చెప్పకపోయినా జనం శబరి చేత పళ్లు కొరికించారు. రాముడికి పుల్లటిది పెట్టకూడదన్న ఆరాటం వాళ్లకు ఎంగిలి కంటే పెద్దదిగా కనిపించింది. గాంధీజీ అస్వాద వ్రతం వద్దన్నదీ తన నాలుక సుఖం కోసం తినడాన్నే. ఇక మత్తు సంగతి. వృత్తిగా రుచి చూసేవాళ్లు గుక్క నోట్లో తిప్పి ఉమ్మేస్తారు, ఆ పనికి మత్తు అక్కర్లేదు. తాగుడుతో కూలిన ఇంటివాళ్లకు ఈ జవాబు చాలదు, చాలనవసరమూ లేదు; సీసా ముట్టనని వాళ్లంటే అదీ పక్కవాడి మేలు కోరే నిర్ణయమే.